బురదలో నలభై నిమిషాలు

డాక్టర్ బాలమణికి భయం కొత్తది కాదు. హన్మకొండలో ఒక హైస్కూలు టీచరు కూతురు ఆమె. వరంగల్‌లో ఎంబీబీఎస్ చదివే రోజుల్లో వైవా ఉందంటే చాలు, అరచేతులు చెమటలు పట్టి చున్నీ తడిసిపోయేది. అయినా ఏ పరీక్షా తప్పలేదు. భయపడుతూనే చదివింది, భయపడుతూనే పెళ్లి చేసుకుంది, భయపడుతూనే 1998లో భర్త పాండురంగంతో కలిసి బర్మింగ్‌హామ్ చేరింది. ఆయనకు అక్కడ ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో కంప్యూటర్ ఉద్యోగం. ఆమెకు మాత్రం ఎముకల పని కావాలి. విరిగిన ముంజేతిని రెండు చేతులా పట్టి లాగి, ఎముక మళ్లీ తన చోట్లోకి వెళ్లడం వేళ్లకు తెలిసిన క్షణాన ఆమెకు ఇంకేదీ గుర్తుండేది కాదు.

పరీక్షలు పాసయి, ఊరి అంచున ఒక ఆసుపత్రిలో ఎముకల విభాగంలో జూనియర్ డాక్టరుగా చేరింది. తొమ్మిది మంది జూనియర్లలో ఆడమనిషి తనొక్కతే. ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలు. ఆపరేషన్ టేబుల్ అందక కాళ్ల కింద ఇనుప పీట వేసుకునేది. ఎక్స్‌రే నుంచి కాపాడే సీసపు కోటు తొడుక్కుంటే పాదాల దాకా వేలాడేది. థియేటర్‌లో ఆమె కాలికి సరిపడే బూట్లే ఉండేవి కావు. రెండు జతల సాక్సుల మీద మగవాళ్ల బూట్లు వేసుకుని ఈడ్చుకుంటూ నడిచేది. దానికి ఎవరూ ఏమీ అనలేదు. నవ్వేవాళ్లు, అంతే.

ఒకరోజు తుంటి మార్పిడి ఆపరేషన్ మధ్యలో, అందరూ వింటుండగా, కన్సల్టెంట్ సర్జన్ ఎంతో ఆప్యాయంగా అన్నాడు.

"బాలా, నీ చేతులు మంచివి. కానీ ఇది వడ్రంగం పని. ఆరడుగుల మగాడికే నడుం పడిపోతుంది. జీపీగా వెళ్లు, జలుబూ జ్వరాలూ చూసుకోవచ్చు. పిల్లలు పుడతారు, సాయంత్రానికి ఇంటికెళ్లొచ్చు."

ఆయన తిట్టి ఉంటే బాలమణికి కోపం వచ్చేదేమో. ప్రేమగా చెప్పేసరికి, నిజమేనేమో అనే భయం పట్టుకుంది. రోజూ పొద్దున్నే అందరూ కూర్చుని ముందురోజు ఎక్స్‌రేలు చూసేటప్పుడు జవాబు తెలిసినా నోరు విప్పడం మానేసింది.

రిజిస్ట్రార్ పోస్టు వస్తేనే సర్జన్ అయ్యే దారి తెరుచుకుంటుంది. దానికి మూడుసార్లు అప్లై చేసింది. మూడోసారి ఇంటర్వ్యూ నాటికి ఆమెకు ఏడో నెల. వదులు కోటు వేసుకుని, ఫైలు పొట్టకు అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా అయిదుగురు మగవాళ్లు. ఎముకల గురించి రెండు ప్రశ్నలడిగారు. తరవాత ఒకాయన ఆ ఫైలు వంకే చూస్తూ, "వచ్చే ఏడాది మీ పరిస్థితి ఎలా ఉంటుందనుకుంటున్నారు?" అన్నాడు. ఆయన దేని గురించి అడుగుతున్నాడో గదిలో అందరికీ తెలుసు. బాలమణి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. ఏదో గొణిగి లేచి వచ్చేసింది.

పోస్టు రాలేదు. కూతురు సహస్ర పుట్టింది. ఆమె అత్యవసర విభాగంలో, పైకి వెళ్లే మెట్టులేని ఒక ఉద్యోగంలో చేరి అక్కడే అయిదేళ్లు ఉండిపోయింది.

ఆ విభాగానికి శనివారం సాయంత్రాలు ఆటగాళ్లు కుంటుకుంటూ వచ్చేవారు. మోకాళ్లు, చీలమండలు, భుజాలు. మిగతా డాక్టర్లు విసుక్కుంటుంటే బాలమణి ఆ ఆటగాళ్లను తనే అడిగి మరీ చూసేది. అది గమనించింది ఫిజియో మోరీన్. యాభై దాటిన మనిషి, గట్టిగా మాట్లాడుతుంది.

"ఆటల వైద్యం ఇప్పుడు సొంతంగా ఒక శాఖ అయింది, విన్నావా? కొత్త శాఖ కనక ఇంకా తలుపులు మూయలేదు. డిప్లొమా చెయ్. మా రగ్బీ క్లబ్బుకు డాక్టర్ లేరు, శనివారాలు వచ్చి నేర్చుకో," అంది మోరీన్.

అది 2005. సాయంత్రాలు వంటింటి బల్ల మీద పుస్తకాలు పరిచి డిప్లొమా పూర్తి చేసింది. మరుసటి ఏడు సెప్టెంబరులో హాల్‌బ్రూక్ రగ్బీ క్లబ్బు గేటు ముందు కారాపింది. గేటు దగ్గర పెద్దాయన ఆమెనీ ఆమె చేతిలోని పెద్ద సంచినీ చూసి, "టీ గది వెనకవైపు, అమ్మాయ్. సమోసాలు అక్కడ దించు," అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. తను డాక్టర్నని చెప్పడానికి ఆమెకు రెండుసార్లు గొంతు సవరించుకోవాల్సి వచ్చింది.

కోచ్ డాసన్ చెయ్యి కలిపాడు గాని, ఆమె తలమీదుగా మోరీన్‌ని చూసి, "ఈవిడా?" అన్నాడు. ఆటగాళ్ల గది తప్ప బట్టలు మార్చుకునే గది లేదు. బాలమణి కారులోనే ట్రాక్‌సూటు వేసుకునేది.

ఇవన్నీ ఆమె తట్టుకోగలదు. భయపెట్టింది వేరే. ఆ మైదానంలో ఎనిమిది మంది అటూ ఎనిమిది మంది ఇటూ తలలు దూర్చి, భుజాలు కలిపి, ఒకరినొకరు ఎద్దుల్లా నెట్టుకునే ఘట్టం ఒకటుంది. స్క్రమ్ అంటారు. అది కుప్పకూలినప్పుడల్లా ఆమె గుండె ఒక్క క్షణం ఆగేది. ఎప్పుడో ఒకనాడు ఒకడు లేవడు. అప్పుడు మైదానమంతా తిరిగి తనవైపు చూస్తుంది. ఆ రోజు తన కాళ్లు కదులుతాయా? గొంతు పెగులుతుందా?

అందుకని ఇంట్లో అభ్యాసం మొదలుపెట్టింది. ముందు గదిలో కార్పెట్ మీద ఆరేళ్ల సహస్రను వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక బోర్లా పడుకుని, మోచేతులు నేలకు ఆనించి, రెండు అరచేతుల మధ్య ఆ చిన్న తలను కదలకుండా పట్టుకునేది.

"అరే, పిల్ల మెడ ఇరుస్తవా ఏంది? ఇడ్సిపెట్టు," అన్నాడు పాండురంగం మొదటిసారి చూసి.

"ఇరగొద్దనే గదా నేర్సుకుంటున్న. మీరు జెర టైం చూడుర్రి."

"డాడీ, డోంట్ మేక్ మీ లాఫ్. ఐ కాంట్ మూవ్," అంది సహస్ర పైకప్పు వైపు చూస్తూ.

ఆరు నిమిషాలకే బాలమణి మోచేతులు మంటలెత్తాయి.

2007 ఫిబ్రవరి. పొద్దుటి నుంచీ సన్నగా వాన. కప్పు మ్యాచి కావడంతో నాలుగైదు వందల మంది గొడుగులు పట్టుకుని వచ్చారు. ఇంకా పది నిమిషాల ఆట ఉంది, హాల్‌బ్రూక్ రెండే పాయింట్లు వెనక. స్క్రమ్ బురదలో జారి కూలింది. ఒక్కొక్కరే లేచారు. క్రెయిగ్ లేవలేదు. ముందు వరస మధ్యలో ఆడే ఇరవైమూడేళ్ల కుర్రవాడు, ఇళ్లకు పైకప్పులు వేసే పని చేస్తాడు. వెల్లకిలా పడి ఉన్నాడు.

బాలమణి కాళ్లు కదిలాయి. ఎప్పుడు పరుగు మొదలుపెట్టిందో ఆమెకు తరవాత గుర్తు రాలేదు. తల వెనక మోకాళ్ల మీద కూలబడి, "క్రెయిగ్, తల ఆడించకు. మాటతో చెప్పు. ఎక్కడ నొప్పి?" అంది.

"ఏం లేదు డాక్. నరం లాగింది, అంతే. ముందు కూడా అయింది. లేస్తున్నా."

"చేతులెలా ఉన్నాయి?"

అతను వేళ్లు ముడిచి చూశాడు. "తిమ్మిరి. రెండూ."

రెండూ. ఒక చెయ్యి తిమ్మిరెక్కడం ఈ ఆటలో మామూలే. రెండు చేతులూ అంటే మెడలోపల ఏదో జరిగిందని అర్థం. బాలమణి చాచిన అరచేతుల మధ్య అతని తల పట్టుకుని, మోచేతులు బురదలోకి దించి బోర్లా పడుకుంది. మోరీన్ అంబులెన్సుకు ఫోన్ చేసింది.

డాసన్ గీత దాటి వచ్చేశాడు. "వాడికిది మామూలే. నడిపించి బయటికి తీసుకురండి. ఆట సాగాలి."

"వద్దు," అంది బాలమణి. గొంతు ఆమెకే వినిపించలేదు.

"ఏంటి?"

"వద్దు. కదపొద్దు."

"కప్పు మ్యాచి ఇది! పది నిమిషాలుంది! వాడే లేస్తానంటున్నాడు కదా!"

"నేను లేవగలను డాక్," అన్నాడు క్రెయిగ్. భుజం లేపబోయాడు. ఆమె చేతుల్లో అతని మెడ కండరాలు బిగుసుకున్నాయి.

"క్రెయిగ్!" అని అరిచింది. ఆ అరుపుకు డాసన్ కూడా వెనక్కి ఒక అడుగు వేశాడు. రెఫరీ వంగి, "డాక్టర్, మీరేమంటే అది. ఏం చెయ్యమంటారు?" అని అడిగాడు.

నాలుగైదు వందల మంది. వాన. అందరూ ఆమెవైపే. తప్పయితే? లేచి నడిచి వెళ్లేవాణ్ని పట్టుకుని మ్యాచి పోగొట్టిన మనిషిగా మిగిలిపోతుంది. ఇంకే క్లబ్బూ రానివ్వదు. ఏ ఇంటర్వ్యూలోనైనా ఇదే చెప్పుకుని నవ్వుతారు. ఇవన్నీ ఒక్కసారే మెదడులో తిరిగాయి. చేతులు కదపకుండా రెఫరీతో అంది.

"అంబులెన్సు వచ్చేదాకా ఎవరూ ఈయన్ని ముట్టుకోకూడదు. ఆట ఆపండి."

రెఫరీ ఈల ఊదాడు. జనంలో గొణుగుడు లేచింది. ఎవరో మగగొంతు, "దానికేం తెలీదు, చూడు ఎలా వణుకుతుందో," అంది. ఇంకెవరో నవ్వారు.

మోరీన్ అతని మెడ కదలకుండా గట్టి పట్టీలాంటి కాలర్ బిగించింది. మీద దుప్పటి కప్పి, దానిమీద గొడుగు పట్టుకుంది. పది నిమిషాలయింది. పదిహేను. అంబులెన్సు రాలేదు. ఇరవై నిమిషాలకు దూరంగా సైరన్ వినబడి, దగ్గరికొచ్చి, అక్కడే ఆగిపోయింది. వాళ్లు మైదానం అవతలి గేటుకు వచ్చారు. ఆ గేటుకు తాళం ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఇద్దరు పరుగెత్తారు. అంబులెన్సు వెనక్కి తిరిగి, సందులన్నీ చుట్టి రావాలి.

"డాక్," అన్నాడు క్రెయిగ్ చిన్నగా. అతను చూడగలిగేది బూడిదరంగు ఆకాశాన్నీ, తలకిందులుగా కనిపించే ఆమె ముఖాన్నే. "మీరు వణుకుతున్నారు."

"చలి."

"నాకు చలి తెలీడం లేదు. కాళ్లలో."

బాలమణి కళ్లు మూసుకుని తెరిచింది. "కాలి వేళ్లు కదుపు. తల కాదు, వేళ్లు మాత్రమే." మోరీన్ అతని బూట్ల మొనలు ఒత్తి చూసి తల ఊపింది. కదిలాయి. కొంచెం.

"నడుస్తానా నేను?"

తప్పకుండా నడుస్తావని చెప్పాలనిపించింది. తెలియదు ఆమెకు. "ఇప్పుడు కదలకుండా ఉండటం ఒక్కటే నీ చేతుల్లో ఉంది. అది చెయ్. మిగతాది తెలియగానే చెప్తా," అంది. అతని కంటి కొసనుంచి నీరు కారి ఆమె బొటనవేలిని తాకింది. తుడవడానికి లేదు.

ముప్పయ్యో నిమిషంలో ఆమెకు తన వేళ్లు తెలియడం మానేశాయి. చలికీ నొప్పికీ మొద్దుబారిపోయాయి. పట్టుకున్నానో జారిపోతున్నానో తెలియదు. జీవితంలో అంత భయం ఆమె ఎరగదు.

"మోరీన్, నా వేళ్లు చూడు. ఉన్నచోటే ఉన్నాయా?"

"ఉన్నాయి."

"మళ్లీ చూడు."

"ఉన్నాయి బాలా. నన్ను పట్టుకోమంటావా?"

చేతులు మారే ఆ ఒక్క క్షణంలో ఏదైనా జరిగితే? "వద్దు. చూస్తూ ఉండు. నిమిషానికోసారి చెప్పు."

"ఉన్నాయి," అంది మోరీన్. నిమిషం ఆగి, "ఉన్నాయి." వాన చినుకుల మధ్య ఆ ఒక్క మాట పట్టుకుని బాలమణి మిగతా పది నిమిషాలూ గడిపింది.

చివరికి అంబులెన్సు వాళ్లు వచ్చి, అతన్ని బల్లమీదికి చేర్చి, తలకు రెండువైపులా దిమ్మలు కట్టాక, "ఇక వదలొచ్చు డాక్టర్," అన్నారు. ఆమె వేళ్లు విచ్చుకోలేదు. మోరీన్ ఒక్కొక్కటే విప్పింది.

సాయంత్రం ఇంటికి వచ్చి, ట్రాక్‌సూటు బురదతోనే వంటింట్లో కుర్చీలో కూర్చుంది.

"ఏమైంది? ఎవలన్న ఏమన్న అన్నరా?" అన్నాడు పాండురంగం.

"అనలే." చేతికంటిన బురద గోటితో గీకింది. "ఆ పిలగానికి ఏమన్న అయితదేమోనని భయమైతుంది. ఏం గాకపోతె గూడ భయమే అయితుంది."

"ఏం గాకపోతె మంచిదే గదా?"

"మంచిదే. గని నాకెట్లనిపిస్తుందో తెల్సా? ఎముక ఇరిగి ఉంటె బాగుండు అనిపిస్తుంది. నేను చెప్పింది నిజమైతదని. ఒక్కసారి గాదు, కారుల వచ్చినంతసేపు గదే అనుకున్న." చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుంది. "నేనసలు డాక్టర్నేనా?"

పాండురంగం ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఆమె బూట్ల లేసులు విప్పుతూ, "అనుకుంటె ఇరగది. అనుకోకుంటె అతకది. లే, వేడినీళ్లు పెట్టిన," అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. క్రెయిగ్‌ని చేర్చిన పెద్దాసుపత్రిలో స్కాన్లు చూసే డాక్టర్ శేషగిరి చేశాడు. కాకినాడ మనిషి, తెలుగువాళ్ల ఉగాది సభల్లో పరిచయం.

"మేడం, మీ కుర్రాడి స్కాన్ చూశానండి. మెడలో అయిదో ఎముకా ఆరో ఎముకా మధ్య కీలు జారిపోయిందండి. ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్లూ తెగిపోయాయి. వెన్నుపాము మీద ఒత్తిడి పడింది గానీ అది దెబ్బతినలేదండి. రేపు పొద్దున్నే ఆపరేషన్. కాళ్లూ చేతులూ కదుపుతున్నాడు." గొంతు తగ్గించాడు. "ఇంకొక్క అర సెంటీమీటరు జరిగుంటే, అంతేనండి. ఇక్కడ సర్జన్‌గారు అడిగారు, అక్కడ పట్టుకున్నది ఎవరని."

ఆమె థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసింది. తేలికపడాలి కదా. పడలేదు. అర సెంటీమీటరు. తన వేళ్లకు స్పర్శ పోయిన ఆ పది నిమిషాలు గుర్తొచ్చాయి. ఫ్రిజ్ పక్కన నేలమీదే కూర్చుండిపోయింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. వారం తరవాత చూడటానికి వెళ్లింది. వార్డు తలుపు దగ్గర చాలాసేపు తచ్చాడి లోపలికి నడిచింది. క్రెయిగ్ మెడకు గట్టి కాలర్. తల తిప్పలేడు. కళ్లు మాత్రం తిప్పి చూశాడు.

"ఇక ఆడకూడదట," అన్నాడు. "పైకప్పులెక్కే పనీ వద్దన్నారు. ఇంకేం చెయ్యాలి నేను? అదొక్కటే వచ్చు నాకు."

"క్రెయిగ్..."

"అప్పుడే లేచి వెళ్లిపోయుంటే, ఏమో, బాగానే ఉండేవాణ్నేమో. మీరందరూ కలిసి నన్ను రోగిని చేశారు. దయచేసి వెళ్లండి."

అది నిజం కాదని ఆమెకు తెలుసు. అతనికీ తెలిసే ఉంటుంది. కానీ ఆ పిల్లవాడికి కోపం పెట్టుకోవడానికి ఎదురుగా ఒక మనిషి కావాలి. తెచ్చిన పళ్లు అక్కడ పెట్టి వచ్చేసింది. కారులో కూర్చున్నాక ఏడ్చింది.

తరవాతి శనివారం క్లబ్బుకు వెళ్లకూడదనుకుంది. వెళ్లింది. డాసన్ ఆమెను చూసి టోపీ తీశాడు. క్షమాపణలాంటిదేదీ చెప్పలేదు. అవతలి గేటు తాళంచెవి ఒకటి ఆమె చేతిలో పెట్టి, "మీ దగ్గరుండాలి ఇది," అన్నాడు. రెండో వారానికి క్లబ్బు స్టోర్‌రూము ఖాళీ చేయించి, తలుపుకు గొళ్లెం వేయించి, ఆమెకూ మోరీన్‌కూ గదిగా ఇచ్చాడు. ఆ తరవాత ఆమె "వద్దు" అంటే రెండోసారి అడిగేవాడు కాదు. అది ఆమెను ఇంకా భయపెట్టింది. ఇప్పుడు తన మాటే చివరి మాట.

స్పోర్ట్స్ మెడిసిన్‌లో స్పెషలిస్టు శిక్షణకు ఆ ఏడు అప్లై చేసింది. డాక్టర్ల నియామకాల పద్ధతి మారి దేశమంతా గందరగోళంగా ఉన్న సంవత్సరం అది. పిలుపే రాలేదు. 2008లో మళ్లీ వేసింది. ఈసారి పిలిచారు. ముప్పై ఏడేళ్లు ఆమెకు. బయట బెంచీ మీద మిగతావాళ్లంతా పదేళ్లు చిన్నవాళ్లు.

లోపల నలుగురు. ఇద్దరు ఆడవాళ్లు. తెల్లజుట్టు ఆవిడ కాగితం చూస్తూ అడిగింది. "మెడ గాయం సంగతి రాశారు. బాగా చేశారు. మీరు చేసిన తప్పేమిటి?"

బాలమణికి ఆ పాత ఇంటర్వ్యూ గుర్తొచ్చింది. కానీ దీనికి జవాబు ఆమె దగ్గరుంది. ఏడాదిగా రోజూ ఆలోచించిన జవాబు.

"గేట్లు చూసుకోలేదు. సీజన్ మొదటిరోజే మైదానం చుట్టూ తిరిగి, అంబులెన్సు ఎటునుంచి వస్తుందో, తాళం ఎవరి దగ్గరుందో అడగాల్సింది. ఆ రోజు గేటు దగ్గర నన్ను చూసి నవ్వారు. ఇంకోసారి నవ్వుతారేమోనని ఎవరినీ ఏమీ అడగలేదు. దానివల్ల ఇరవై నిమిషాలు ఆలస్యమైంది."

ఆవిడ ఏదో రాసుకుంది. బాలమణి తనను తానే ముంచుకున్నానని అనుకుంటూ బయటికొచ్చింది. మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. పోస్టు ఇచ్చారు. పాండురంగం దాన్ని రెండుసార్లు పైకి చదివాడు. సహస్ర, "సో యూ కెన్ స్టాప్ బీయింగ్ స్కేర్డ్ నౌ, మమ్మీ," అంది. బాలమణి నవ్వి ఉత్తరం మడిచింది.

ఆ ఆగస్టులో ఒక ఆదివారం సూపర్‌మార్కెట్‌లో పప్పుల డబ్బాల దగ్గర ఉండగా క్రెయిగ్ కనబడ్డాడు. ఒళ్లు చేశాడు. చొక్కా జేబు మీద ఏదో డ్రైవింగ్ స్కూలు పేరుంది. పక్కన ఒక అమ్మాయి. అతను బాలమణిని చూడలేదు. బాలమణి గబుక్కున అరల వెనక్కి తప్పుకుంది. పలకరిస్తే ఏమంటాడో! డబ్బాల సందులోంచి చూసింది. అతను కుడివైపు ఏదో చూడటానికి మెడ తిప్పలేక, మొత్తం ఒంటినే తిప్పాడు. ట్రాలీ నెట్టుకుంటూ, ఆ అమ్మాయి ఏదో అంటే నవ్వుతూ, తలుపులు దాటి, కారు దాకా నడిచి వెళ్లాడు. ఎడమకాలు కొంచెం ఈడుస్తున్నాడేమో అని ఆమె చివరిదాకా కళ్లార్పకుండా చూసింది. ఈడ్వలేదు.